16 ఓట్ల దూరంలో ఆగిన టోకెలావ్

పసిఫిక్ మహాసముద్రంలో న్యూజిలాండ్ పాలన కింద ఉన్న చిన్న దీవుల సముదాయం టోకెలావ్. అక్కడ రన్‌వే లేదు. సమోవా రాజధాని అపియాలో ఓడెక్కాలి. ఉత్తరంగా దాదాపు 500 కిలోమీటర్లు, ఒక పగలూ రాత్రీ పైమాటే. టికెట్ కంటే ముందు అనుమతి తెచ్చుకోవాలి. అపియాలోని టోకెలావ్ కార్యాలయంలో అడిగితే, దిగబోయే ఊరి పెద్దల సభ ‘తౌపులెగా’ ఒప్పుకోవాలి. బస ముందే ఖాయం చేసుకోవాలి. బ్యాంకు లేదు కాబట్టి న్యూజిలాండ్ డాలర్లు చేతిలో ఉండాలి.

అసలు కష్టం దిగేటప్పుడు. రేవు లేదు, ఓడ పగడపు దిబ్బకు అవతలే ఆగుతుంది. దిబ్బలో తవ్విన ఇరుకు దారిగుండా పడవ వస్తుంది. ఓడా పడవా ఒకేసారి లేవవు. పడవ అల మీద పైకి తేలినప్పుడే అడుగు వెయ్యాలి. జారుతున్నప్పుడు వేస్తే పడతాం, రెంటి మధ్యా కాలు నలిగినా నలుగుతుంది. సంచి ముందు అందించేసి చేతులు ఖాళీగా ఉంచుకోవడం మేలు. సముద్రం పోటుమీదుంటే సరుకూ దిగదు, మనుషులూ దిగరు.

ఆ పడవలోకి దిగాకే ఇక్కడి రాజకీయం నాకు తలకెక్కింది. అటాఫు, నుకునోను, ఫకావోఫో అనే మూడు పగడపు దీవుల్లో కలిపి 1,500 మంది ఉంటారేమో. 2006 ఫిబ్రవరిలో స్వపరిపాలనపై ఓటింగ్ పెట్టారు. పూర్తి స్వాతంత్ర్యం కాదది, కుక్ దీవులు, నియువేల మాదిరిగా న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా అనుబంధం, అంటే పాలన తమదే అయినా న్యూజిలాండ్‌తో బంధం తెగదు. బ్యాలెట్ పెట్టె అపియాలో మొదలై, ఓడ మీద దీవి తర్వాత దీవి తిరిగింది. ఔనన్నవాళ్లు 60 శాతం. మూడింట రెండొంతులు రావాలని షరతు, అదీ వాళ్ల సొంత సభ ‘జనరల్ ఫోనో’ పెట్టుకున్నదే! 2007 అక్టోబరులో మళ్లీ అడిగితే 692 ఓట్లలో ఔను 446. కావలసినవి 462.

న్యూజిలాండ్ పౌరసత్వం పోదని ఒప్పందం ముసాయిదాలో ఉన్నా జనానికి గుబులు తీరలేదు. బంధువుల్లో ఎక్కువమంది ఉండేది న్యూజిలాండ్‌లోనే, వాళ్లకేమో ఈ ఓటు లేదు. నన్నడిగితే, ఓడ ఖర్చు ఎవరు భరిస్తారన్నదే మిగతా ప్రశ్నలన్నిటికంటే పెద్దది.

నిజానికి రోజువారీ పాలన ఎప్పటినుంచో వాళ్ల చేతుల్లోనే ఉంది. చట్టాలు చేసే అధికారం 1996లో ఫోనోకు వచ్చింది. శాశ్వత రాజధాని లేదు. ప్రభుత్వాధినేత ‘ఉలు’ పదవి ఏటా ఒక దీవి నుంచి ఇంకో దీవికి మారుతుంది. ఊరంతా కలిసి పట్టిన చేపల్ని ‘ఇనాటి’ పద్ధతిలో ఒడ్డునే పరిచి, ఇంట్లో ఎందరున్నారో చూసి వాటాలు వేస్తారు. పట్టినవాడికి ప్రత్యేక వాటా ఉండదు. చేపల లైసెన్సుల ఆదాయం బాగానే వస్తుంది, కానీ ట్యూనా గుంపులు ఏ ఏడు ఎటు పోతాయో వాటిష్టం.

ఓడ తేదీలు వాతావరణాన్ని బట్టి మారుతుంటాయి. తిరుగు విమానానికీ ఓడకూ మధ్య కనీసం వారమైనా వ్యవధి పెట్టుకోండి.