స్ట్రాబెర్రీ బల్ల దగ్గర

సైన్స్ పండగల్లో నేను ఎప్పుడూ అడిగి మరీ తీసుకునేది పండులోంచి డీఎన్‌ఏ తీసి చూపించే బల్లే. జనం ఉపన్యాసానికి ఆగరు, చేతికి పని చెబితే ఆగుతారు. స్ట్రాబెర్రీని జిప్ కవర్లో వేసి పిసకాలి. గిన్నెలు తోమే సబ్బునీళ్లు, కాస్త ఉప్పు కలిపి వడగట్టాలి. పైన బాగా చల్లబరిచిన ఆల్కహాల్ అంచు వెంట మెల్లగా పోస్తే, రెండు పొరల మధ్య తెల్లటి పోగులు తేలతాయి. సబ్బు కణాల పొరల్ని విడగొడుతుంది. ఆల్కహాల్‌లో డీఎన్‌ఏ కరగదు కనుక బయటపడుతుంది. మామూలుగా దొరికే స్ట్రాబెర్రీకి డీఎన్‌ఏను మోసే క్రోమోజోముల సెట్లు 8, మనకేమో 2. ఒక్కో కణంలో డీఎన్‌ఏ ప్రతులు అన్ని ఉన్నందుకే ఆ పండు. పుల్లకు పోగులు చుట్టడంలో పిల్లల్ని పక్కకు నెట్టేది వెంట వచ్చిన పెద్దవాళ్లే!

స్కాట్లండ్‌లోని ఎడింబరో సైన్స్ పండగ 1989లో, అమెరికాలో మసాచుసెట్స్ కేంబ్రిడ్జ్‌ది 2007లో మొదలయ్యాయి. 2009లో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో, సైన్స్ పండగలు నడిపేవాళ్ల కూటమి సైన్స్ ఫెస్టివల్ అలయన్స్ వచ్చింది. ఇలాంటి కూటములంటే నాకు గౌరవం ఎందుకంటే, వాన పడితే ఏం చేయాలి, వాలంటీర్లకు తర్ఫీదు ఎలా ఇవ్వాలి, వచ్చినవాళ్లను ఏం అడగాలి అనే విసుగు పుట్టించే సంగతులు ఒకరి నుంచి ఒకరికి అందేది అక్కడే. నాకున్న అసంతృప్తి ఒక్కటే: సైన్స్ ఇష్టమున్నవాళ్లే మళ్లీ మళ్లీ వస్తారు. బల్లను బస్టాండుకో, సంతకో మోసుకెళ్లే పండగలకే నా ఓటు.