సిలోయము గోపురము, దివిసీమ ఉప్పెన

విజయవాడలో చదువుకున్న క్రైస్తవుడికి నాస్తికులతో వాదించే అవకాశం వెతుక్కోకుండానే దొరుకుతుంది. గోరా గారు 1940లో ముదునూరులో ప్రారంభించి, 1947లో ఆ నగరానికి తరలించిన నాస్తిక కేంద్రం పేరు వినని విద్యార్థులు మా రోజుల్లో అరుదు. అంటరానితనానికి ఎదురు నిలిచి, సహపంక్తి భోజనాలు జరిపించి, తన కుమార్తెను దళిత యువకుడికి ఇచ్చి పెళ్ళి చేసిన మనిషి ఆయన. అందుచేత దేవుణ్ణి నమ్మనివాడికి నీతి ఉండదని మన ప్రసంగాల్లో వినిపించే మాటను నేను ఏనాడూ సమర్థించలేకపోయాను. ధర్మశాస్త్రం లేని అన్యజనుల హృదయాల మీద కూడా దాని సారం రాసి ఉందని రోమా పత్రిక రెండవ అధ్యాయంలో పౌలే చెప్పాడు గనుక, ఆ మాట వాస్తవానికే కాదు, వాక్యానికి కూడా విరుద్ధం.

నాస్తికులు అడిగే, దేవుణ్ణి ఎవరు సృష్టించారన్న ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు. ఉన్న ప్రతిదానికీ కారణం ఉండాలని క్రైస్తవ తత్వవేత్తలు వాదించలేదు. ఆరంభమున్నదానికి, లేకుండా ఉండగలిగినదానికి కారణం కావాలన్నదే వారి వాదం. కారణాల గొలుసు ఎక్కడో ఒకచోట ఆగుతుందని ఒప్పుకున్నాక, అది విశ్వం దగ్గరే ఆగాలా, దానికి అవతల ఆగాలా అన్నదే అసలు వివాదం. ఇక్కడ మనవాళ్ళూ తొందరపడతారు. విశ్వం విస్తరిస్తోందని 1927లోనే ప్రతిపాదించిన జార్జి లమేత్ర్ స్వయంగా కాథలిక్ గురువు. అయినా 1951లో పన్నెండవ పయస్ పోపు ఆ విజ్ఞానంలో సృష్టికి సాక్ష్యాన్ని చూసినప్పుడు, విజ్ఞానాన్నీ విశ్వాసాన్నీ అలా ముడిపెట్టడం లమేత్ర్‌కు నచ్చలేదు.

"ఆ ఇంట్లో పుట్టావు కాబట్టే నువ్వు క్రైస్తవుడివి" అన్నది మరో వాదం. ఒక నమ్మకం మనిషికి ఎలా వచ్చిందన్నది వేరు, అది నిజమా కాదా అన్నది వేరు. నాస్తికుల ఇంట పుట్టి నాస్తికుడైనవాడినీ ఇదే తక్కెడలో తూచవలసి ఉంటుంది. పైగా మా పూర్వీకులు పుట్టిన మతంలో ఉండిపోయినవారు కారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో బాప్తిస్మం పొందిన 2,222 మందిలో మా ముత్తాత తండ్రి ఒకడని మా ఇంట్లో చెప్పుకుంటారు. అప్పటి కరువులో గంజి కోసం క్రైస్తవంలో కలిశారని ఎగతాళి చేసేవారికి తెలియని సంగతి ఒకటుంది: ఆ కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో వేలమందికి కూలి చూపిన మిషనరీ జాన్ క్లౌ దొర, కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపి ఉంచాడు. కులం కాడి నుంచి తప్పించుకోవాలన్న కోరిక వారిలో ఉండే ఉంటుంది. దాన్ని నేను దాచను, తప్పని కూడా అనుకోను.

నాకు నిద్ర పట్టనివ్వని వాదం ఒక్కటే. 1977 నవంబరు 19, శనివారం నాడు సముద్రం దివిసీమ మీదికి వచ్చి, ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మందిని మింగింది. మా పెద్దమ్మ ఒక ముళ్ళచెట్టును కరచుకొని బతికింది. ఆమె పిల్లలిద్దరూ బతకలేదు. సర్వశక్తిమంతుడూ ప్రేమామయుడూ అయిన దేవుడుండగా ఇది ఎలా జరిగిందన్న ప్రశ్నకు, మనుషుల స్వేచ్ఛా సంకల్పమే కారణమని జవాబు చెబితే అది హంతకుల విషయంలో నిలుస్తుందేమో గాని ఉప్పెన విషయంలో నిలవదు. దుఃఖం, దేవుడు ఒకే లోకంలో ఉండడం తర్కానికే విరుద్ధమని తత్వవేత్త జె. ఎల్. మాకీ 1955లో వాదించాడు. దేవుడికి తగిన కారణం ఏదీ ఉండే వీలే లేదని నిరూపిస్తే తప్ప ఆ వాదం పూర్తి కాదు. దాన్ని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. అయితే కారణం ఉండవచ్చునన్న మాట వాదనలో గెలుస్తుందే గాని, పిల్లల శవాలు దొరకని తల్లి దగ్గర నోరు మెదపలేదు.

ఆ తల్లి తరఫున అడగవలసిన ప్రశ్నలను బైబిలు తానే అడుగుతుంది. సిలోయములో గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది యెరూషలేములోని మిగిలినవారికంటే అపరాధులా అని అడిగి, కారని యేసు తేల్చి చెప్పాడు. ఉప్పెనను పాపాలకు శిక్షగా వివరించే ప్రసంగీకుడు ఆ ఒక్క వాక్యంతో నోరు మూసుకోవాలి. దేవుణ్ణి వెనకేసుకొచ్చిన యోబు స్నేహితుల మీద దేవుడే కోపించి, నిలదీసిన యోబు పలికినదే యుక్తమన్నాడు. ఎనభై ఎనిమిదవ కీర్తన స్తుతితో కాక చీకటితో ముగుస్తుంది. చివరకు సిలువ మీద క్రీస్తే, నన్నెందుకు చెయ్యి విడిచితివి అని కేక వేశాడు.

ఇవన్నీ దేవుడున్నాడనడానికి రుజువులు కావు. కానీ బంగాళాఖాతంలోని వాయుపీడనం తప్ప మరేమీ లేని లోకంలో "ఇది జరగకూడనిది" అన్న మాటకు ఆధారం ఏమిటో నాకు తోచదు. జరగకూడనిదన్న ఆ భావన పరిణామక్రమం మిగిల్చిన స్వభావమే అనవచ్చు. అలా అన్న నా మిత్రుడు కూడా ఆ పిల్లలకు అన్యాయం జరిగిందనే మాట్లాడాడు.

అతడే ఒకసారి అడిగాడు: "బస్సు బోల్తా పడితే దేవుడు నన్ను కాపాడాడని మీ సంఘంలో సాక్ష్యం చెబుతారే, పక్క సీటువాణ్ణి ఎందుకు వదిలేశాడట?" నేను జవాబు చెప్పలేదు. అప్పుడు నాకు గుర్తొచ్చింది మా పెద్దమ్మే. ఏటా నవంబరులో జరిగే జ్ఞాపకార్థ కూడికలో సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు అడిగితే, ఆమె లేచి నిలబడి, పిల్లలిద్దరి పేర్లు, వయసులు చెప్పి, మళ్ళీ చాప మీద కూర్చునేది.