హైబ్రిడ్ కారుకు బ్రేక్ యాక్చుయేటర్ మార్పు, కాలిబ్రేషన్: నా అనుభవం

తిరుమల నుంచి పాత ఘాట్‌రోడ్డులో దిగుతుంటే ఎర్ర లైటు, పసుపు లైటు రెండూ వెలిగి బజర్ ఆగకుండా మోగిందని వచ్చిన బండి ఇది. పదేళ్లు దాటిన హైబ్రిడ్ సెడాన్. బ్రేక్ ఆయిల్ ప్రెషర్‌ను చక్రాలకు పంచే వాల్వుల పెట్టెే ఇందులో బ్రేక్ యాక్చుయేటర్. లోపాలు చదివే స్కానర్‌లో సి1391, సి1256 కోడ్లు. ఆయిల్‌ను ప్రెషర్‌తో నిల్వ ఉంచే అక్యుములేటర్‌లో ప్రెషర్ లోపల్లోపలే జారిపోతోందని మొదటిది, ఆ ప్రెషర్ తక్కువైందని రెండోది. బయట ఎక్కడా తడి లేదు, డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం దిగలేదు. అందుకే అంతకుముందు చూసినవాళ్లు ప్యాడ్లు మార్చి పంపేశారు.

దీన్ని చెవితోనే పట్టుకోవచ్చు. డ్రైవర్ వైపు డోర్ తీయగానే పంపు కొన్ని సెకన్లు జుయ్‌మని తిరిగి ఆగుతుంది. అది మామూలే. పెడల్ తాకకుండానే మళ్లీ మళ్లీ తిరుగుతుంటే యాక్చుయేటర్ లోపలి వాల్వులు ప్రెషర్ నిలపడం లేదు. ఈ బండిలో పావు నిమిషానికోసారి తిరిగింది. ఘాట్‌లోనే బయటపడడానికీ కారణముంది. దిగుతున్నంతసేపూ మోటారు చార్జింగ్ చేస్తూ బండిని ఆపుతుంది. బ్యాటరీ నిండాక ఆ సాయం తగ్గి, భారమంతా ఆయిల్ బ్రేకుల మీద పడుతుంది.

విప్పే ముందు అన్నిటికన్నా ముఖ్యమైనది: కీ తీసేసినా ఈ వ్యవస్థ నిద్రపోదు. ఎవరైనా డోర్ తీస్తే పంపు లేస్తుంది. అప్పుడు పైపు విప్పి ఉంటే ఎక్కువ ప్రెషర్‌తో ఆయిల్ కళ్లలో కొడుతుంది. స్కానర్‌తో బ్రేక్ కంట్రోల్ నిలిపి, అక్యుములేటర్ ప్రెషర్‌ను సున్నాకు దించి, ఆ తర్వాతే 12 వోల్టుల బ్యాటరీ టెర్మినల్ తీశాను. ప్రెషర్ దిగేటప్పుడు అక్యుములేటర్‌లోని ఆయిల్ డబ్బాలోకి తిరిగొస్తుంది. ముందే సిరంజితో కొంత తోడకపోతే పొంగి పెయింట్ తినేస్తుంది. దారికి అడ్డమైన ఇన్వర్టర్‌ను కదపాలంటే హైబ్రిడ్ బ్యాటరీ కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్ లాగి 10 నిమిషాలు ఆగాలి. హై వోల్టేజీ పారే నారింజ రంగు తీగల విషయంలో తొందర వద్దు.

పైపులకు మామూలు స్పానర్ వేయకండి, నట్టు గుండ్రమైపోతుంది. ఫ్లేర్ నట్ స్పానరే వాడాలి. ఒక్కో పైపుకూ టేపు మీద నంబరు రాసి, మూతి వెంటనే మూయాలి. దుమ్ము రేణువు ఒక్కటి లోపలికి పోయినా కొత్త యాక్చుయేటర్‌లో అదే లీకు మొదలవుతుంది. స్క్రాప్‌లో దొరికే పాత యాక్చుయేటర్ నేను బిగించను. దాని వాల్వులు ఎంత అరిగాయో బయటికి తెలియదు.

బ్లీడింగ్‌కు, అంటే పైపుల్లోని గాలి తీయడానికి, సీలు తీయని డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ రెండు లీటర్లు దగ్గర పెట్టుకోండి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు, ఘాట్ దిగే బండికి అది చాలదు. ముందు చక్రాలు పెడల్ తొక్కుతూ, వెనక చక్రాలు పెడల్ నొక్కిపట్టి పంపుతో చేశాను. యాక్చుయేటర్ లోపలి గాలి మాత్రం స్కానర్ చెప్పిన వరుసలోనే పోవాలి. పంపును ఆపకుండా తిప్పితే కాలిపోతుంది, మధ్యమధ్య చల్లారనివ్వాలి. బ్యాటరీకి చార్జర్ తగిలించే ఉంచాలి, వోల్టేజీ పడితే లేనిపోని కోడ్లు వస్తాయి.

చాలామంది వదిలేసేది కాలిబ్రేషన్. ఎంత కరెంటుకు లీనియర్ వాల్వు (ప్రెషర్‌ను కొద్దికొద్దిగా సర్దే వాల్వు) తెరుచుకుంటుందో ఒక్కో యాక్చుయేటర్‌లో కొద్దిగా తేడా. బ్రేకులను నడిపే కంప్యూటర్ ఈసీయూలో పాత యాక్చుయేటర్ లెక్కే ఉంటుంది. దాన్ని చెరిపి కొత్తది నేర్పకపోతే సి1345 వస్తుంది, బ్రేక్ నొక్కితే పట్టినట్టే పట్టి కుదుపుతుంది. బండిని సమతలం మీద పెట్టి, స్టీరింగ్ నేరుగా ఉంచి, గేరు పీలో వేసి, పెడల్ మీద కాలు లేకుండా వాల్వు ఆఫ్‌సెట్, అంటే ఆ కొత్త లెక్క నేర్పడం, మొదలుపెట్టాను. లైటు మిణుకుతున్న ఆ ఒకటి రెండు నిమిషాలు బండి మీద చేయి వేయకూడదు, డోర్ తీయకూడదు. మా షెడ్డు ముందు ర్యాంపు వాలుగా ఉంటుంది, అందుకే లోపలి గచ్చు మీదకు తోయించాను. తర్వాత బండి పక్కకు తిరగడాన్ని కొలిచే యా రేట్ సెన్సార్‌కు జీరో పాయింట్ నేర్పాను. అదయ్యాక కోడ్లు చెరిపాను.

టెస్ట్ డ్రైవ్‌కు నేరుగా అలిపిరి దాటి పోలేదు. రేణిగుంట రోడ్డులో రద్దీ లేని వేళ చూసి, నెమ్మదిగా నొక్కి ఆపడం పదిసార్లు చేశాను. బండి ఆగబోయే ఆఖరి క్షణంలో మోటారు వదిలేసి ఆయిల్ బ్రేకు అందుకుంటుంది. అక్కడ కుదుపు ఉంటే ఆఫ్‌సెట్ మళ్లీ చేయాల్సిందే. ఇందులో లేదు. రాత్రంతా వదిలేసి, తెల్లారి డోర్ తీసి విన్నాను: పంపు ఒక్కసారి తిరిగి ఆగింది, మళ్లీ లేవలేదు. అప్పుడే తాళం ఇచ్చాను.