క్రాఫ్ట్ గది, గడ్డల నూలు, జిప్పు పర్సు

మన బడి పాత విద్యార్థుల సంచిక కోసం ఏదైనా జ్ఞాపకం రెండు పేజీలు రాయమని కమిటీవాళ్ళు అడిగారు. ఆరు, ఏడు తరగతుల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎనిమిదిలో లెక్కల సారు సంగతి, చింతచెట్టు కింద జరిగిన ఆ పంచాయితీ సంగతి మనలో నాకన్నా బాగా రాసేవాళ్ళున్నారు, వాళ్ళు రాస్తారు కూడా. నేను రాసేది క్రాఫ్ట్ టీచర్ గురించి. టీచర్ గురించి రాయడమంటే తొమ్మిదిలో మన చేత కుట్టించిన గరుకు గుడ్డ పర్సు గురించి రాయడమే. "అది ఎట్ల కుట్టినమే?" అని గ్రూపులో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి కొలతలతో సహా రాస్తున్నాను.

టీచర్ వరంగల్‌లోని నేతవాళ్ళ పేట కొత్తవాడ నుంచి తెచ్చే గుడ్డ ముక్కల మూట గుర్తుందిగా. వరంగల్ దర్రీలకు, అంటే మన జంపఖానాలకు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ మూటే. కానీ ఆమె అసలు జంపఖానా ముక్కను పర్సుకు ఎప్పుడూ ఇవ్వలేదు. అంత మందం గుడ్డ మూలల దగ్గర నాలుగు పొరలైతే మిషన్ సూది దిగదు. మూటలోంచి ఏరి పెట్టేది పల్చటి నేత ముక్కలు, అదీ పేకలో, అంటే అడ్డపోగుల్లో, గడ్డల నూలు పడినవి. ఆ నూలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. పురి ఎప్పుడూ సన్నటి చోటికే ఎక్కువ చేరుతుంది, లావు చోట వదులుగా ఉండిపోతుంది. అందుకే గడ్డలు ముట్టుకుంటే మెత్తగా ఉంటాయి, త్వరగా నూగు లేస్తాయి, గుంజితే అక్కడే తెగుతాయి. ఈ గుడ్డతో వచ్చే తిప్పలన్నీ ఇక్కడ మొదలయ్యేవే. ఇప్పుడు బట్టల బజార్‌లో దొరికే ఉంగరాల నూలు గుడ్డ, మెత్తటి నూగు నూలుతో నేసే షెనీల్ గుడ్డ కూడా ఈ జాతివే. ఉంగరాల నూలులో ఉంగరాలు సూదికీ జిప్పుకీ తగులుకుంటాయి. షెనీల్‌ను కత్తిరించిన చోటల్లా నూగు రాలుతుంది.

అందుకే టీచర్ పద్ధతిలో మిషన్ ముందు కూర్చోవడం చివరి పని. "గుడ్డను తయారు జేసుకోని రార్రి, మిషన్ యాడికి పోతది" అనేది. ముందు గుడ్డ అంచుల చుట్టూ పెద్ద కుట్టు వేసి నీళ్ళలో నానబెట్టి నీడలో ఆరేయాలి. మగ్గం గుడ్డ మొదటి తడికే కొంత దగ్గరపడుతుంది. పర్సు అయ్యాక దగ్గరపడితే పై గుడ్డ చిన్నదై, లోపల వేసే గుడ్డ, అంటే అస్తరు, ముడతలు పడుతుంది.

తర్వాత క్యాన్వాస్, అంటే గుడ్డ బిగువుగా ఉండడానికి వెనక అతికించే గుడ్డ. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. చాలామంది ముక్క కత్తిరించుకుని దానికి క్యాన్వాస్ అతికిస్తారు. ఆలోపే అంచు పోగులు ఊడి ముక్క పావు అంగుళం తగ్గిపోతుంది. టీచర్ ముందు అతికించి తర్వాత కత్తిరించమనేది. జిగురున్న పల్చటి క్యాన్వాస్‌ను కావలసినదానికన్నా అన్నివైపులా ఒక అంగుళం ఎక్కువ తీసుకోవాలి. మందం తువ్వాలు పరిచి, దాని మీద గుడ్డను బోర్లా వేసి, వెనకవైపు నుంచి తడిగుడ్డ పెట్టి ఇస్త్రీ చేయాలి. పెట్టెను రుద్దకూడదు. ఒకచోట పెట్టి, 10 నుంచి 15 సెకన్లు అదిమి, ఎత్తి, పక్కన పెట్టాలి. గడ్డలు తువ్వాల్లోకి దిగుతాయి కాబట్టి అణగిపోవు. గరుకు గుడ్డకు జిగురు ఎత్తుగా ఉన్న పోగులనే పట్టుకుంటుంది. అందుకే పూర్తిగా చల్లారకముందు కదిపితే బుడగలు లేస్తాయి. మనవాళ్ళు ఎంతమంది అవి వేడిగా ఉండగానే లాగి చూశారో!

చాక్ గీత ఈ గుడ్డ మీద నిలవదు. క్యాన్వాస్ వైపు పెన్సిల్‌తో గీయండి. పై గుడ్డ 10 అంగుళాల వెడల్పు, ఏడున్నర ఎత్తు, రెండు ముక్కలు. అస్తరు కూడా అంతే. మనకప్పుడు అస్తరంటే కోరా గుడ్డే. ఇప్పుడు గట్టి కాటన్ ఏదైనా సరే, జారే గుడ్డ మాత్రం వద్దు. రెండు పొరలు మడిచి ఒకేసారి కత్తిరించకండి, కింది పొర జరుగుతుంది. ఒక్కో ముక్కా విడిగానే. చేతి పట్టీకి 14 అంగుళాల ముక్కను పడుగు (నిలువుపోగుల) వెంటే తీయాలి. పేక వెంట తీస్తే గడ్డల దగ్గర సాగి, బరువు పడ్డాక అక్కడే తెగుతుంది.

సూది 16 నంబరు. కుట్టు అంగుళానికి 8. సన్నకుట్టు వేస్తే వదులు పోగులు చీలి, కుట్టు వెంట గుడ్డ చిరుగుతుంది. మిషన్ కింది పళ్ళు కింది పొరను లాగుతాయి, గుడ్డను పైనుంచి నొక్కిపట్టే పాదం పై పొరను ఆపుతుంది, చివరికి పై పొర కాస్త మిగులుతుంది. కాబట్టి గరుకు గుడ్డ కింద, అస్తరు పైన ఉండాలి, పాదం ఒత్తిడి మర కొంచెం వదులు చేసుకోవాలి. ఉంగరాల గుడ్డయితే పళ్ళకు చిక్కకుండా కింద తెల్ల పతంగి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయాలి. గుండుసూదులు ఈ గుడ్డలో కనపడకుండా దాక్కుంటాయి. కచ్చాకుట్టే మేలు.

జిప్పు 8 అంగుళాలది తీసుకుని, రెండు చివరలా అస్తరు ముక్కలు కుట్టి మొత్తం 10 చేయాలి. పక్క కుట్టు ఆ గుడ్డ మీద పడుతుంది, జిప్పు పళ్ళ మీద పడదు, సూది విరగదు. పై గుడ్డ ముఖం పైకి, దాని మీద జిప్పు బోర్లా, దాని మీద అస్తరు బోర్లా. మూడూ ఒకే అంచుకు. పళ్ళకు పావు అంగుళం దూరంలో, జిప్పు పాదంతో కుట్టాలి. తెరిచి, ఇస్త్రీ బదులు బొటనవేలి గోరుతో కుట్టు వెంట గీసి అణచాలి. టీచర్ గోరు ఆ పనికే అరిగి ఒకవైపు వంపు తిరిగి ఉండేది. పైనుంచి ఇంకో కుట్టు తప్పనిసరి, అది లేకపోతే అస్తరు జిప్పులో ఇరుక్కుంటుంది. రెండో వైపూ ఇదే.

ఇప్పుడు జిప్పు సగం తీసి పెట్టండి. మూడో బెంచీ వాళ్ళకు ఈ మాట మళ్ళీ చెప్పనక్కర్లేదు. మూసి కుడితే తిరగేయడానికి దారి ఉండదు. పై గుడ్డ పై గుడ్డకు, అస్తరు అస్తరుకు ఎదురెదురుగా పెట్టి, జిప్పు పళ్ళను అస్తరు వైపు మళ్ళించి, పట్టీని జిప్పుకు ఒక అంగుళం కింద లోపలికి దూర్చి, చుట్టూ అర అంగుళం వదిలి కుట్టాలి. అస్తరు అడుగున 4 అంగుళాలు వదిలేయండి. మందం చోట కాలు ఆపి, చక్రం చేత్తో తిప్పాలి. తర్వాత నాలుగు మూలలూ, అడుగు కుట్టూ పక్క కుట్టూ కలిసేలా తెరిచి పట్టుకుని, ఒకటిన్నర అంగుళం అడ్డగీత కుట్టి, మిగిలినది కత్తిరించాలి. అప్పుడు పర్సు నిలబడుతుంది. పూర్తయ్యాక పైన 9 అంగుళాలు, ఎత్తు 6. తిరగేసి, వదిలిన చోటును చేత్తో మూసేయడమే.

హన్మకొండలో నా కుట్టు యూనిట్‌లో చేరే అమ్మాయిలందరూ ఇదే క్రమంలో నేర్చుకుంటారు, ఒక్క మెట్టు కూడా మార్చలేదు. మా పర్సులు కొనేవాళ్ళు మొదట జిప్పు తీసి లోపలి మూలలు చూస్తారు, మేమూ అవే చూపిస్తాం. ఆ మూలల్లో ఉన్న పనితనమంతా టీచర్ది.

ఉతికేటప్పుడు పిండకండి, బ్రష్ పెట్టకండి. చల్లటి సబ్బునీళ్ళలో అదిమి తీసి, తువ్వాల్లో చుట్టి నొక్కి, జిప్పు మూసి ఆరేయండి. పోగు లేస్తే కత్తెర పెట్టొద్దు. సన్న సూదితో లోపలికి గుంజి, వెనక ముడి వేయండి.