మొదటి మూడు కిలోమీటర్లను చూసి ఇల్లు తీసుకున్నాం

నాకు బదిలీ అయిన చోటు నగరానికి పడమరగా, ఊరి పొలిమేర దాటి చాలా దూరంలో ఉంది. మా వారి ఉద్యోగం నగరం నడిబొడ్డున. అమ్మాయిని ఏ బడిలోనైనా చేర్చవచ్చు గానీ మా ఇద్దరి ఉద్యోగాలలో ఏదీ కదిలేది కాదు. నా పనివేళలకు అందే బస్సు గానీ రైలు గానీ ఆ వైపు లేదు కాబట్టి కారు తప్ప మరో మార్గం లేదని మొదటి వారంలోనే తేలిపోయింది. మేము తాత్కాలికంగా దిగిన ఇంటి నుంచి ఆఫీసుకు 42 కిలోమీటర్లు. రానూ పోనూ 84, నెలకు 22 పనిదినాలు అనుకుంటే 1,848, ఏడాదికి 22 వేల పైచిలుకు. ఇంత దూరం నడపక తప్పనప్పుడు ఏ పేటలో ఉంటే ఆ ప్రయాణం భరించేలా ఉంటుందో తేల్చుకోవడానికి మాకు పది వారాలు పట్టింది. ఇలాంటి వెతుకులాటలో ఉన్నవారికి పనికొస్తుందని ఆ పది వారాల సంగతి వివరంగా రాస్తున్నాను.

మొదట్లో నేను మ్యాపు ముందు పెట్టుకుని ఆఫీసుకు దగ్గరగా ఉన్న పేటలను వరసగా రాసుకున్నాను. కిలోమీటర్లు తగ్గితే సమయం కూడా తగ్గుతుందని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం ఎంత తప్పో ఒక సాయంత్రం కాగితం మీద లెక్క వేసుకున్నప్పుడు తెలిసింది. హైవే మీద 30 కిలోమీటర్లను గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళితే 22న్నర నిమిషాలు పడుతుంది. వేగం 100కు పెంచినా 18 నిమిషాలు పట్టనే పడుతుంది, అంటే మిగిలేది నాలుగున్నర నిమిషాలే. ఇక ఇంటి దగ్గరి రోడ్ల మీద 3 కిలోమీటర్లు గంటకు 10 వేగంతో పాకుతూ పోతే, దానికీ సరిగ్గా అవే 18 నిమిషాలు పడతాయి. ఆ మూడు కిలోమీటర్లలో వేగం 20కి పెరిగితే చాలు, 9 నిమిషాలు కలిసి వస్తాయి. ఇంటి గేటుకూ హైవేకూ మధ్య ఉన్న ఆ చిన్న ముక్కే మా ప్రయాణాన్ని నిర్ణయిస్తుందని అప్పుడు అర్థమైంది. మరునాడు పాత జాబితా పక్కన పెట్టి, ఒక్కో పేట నుంచి పెద్ద రోడ్డు ఎక్కడానికి ఎన్ని దారులున్నాయి, ఎన్ని సిగ్నళ్లున్నాయి, ఎదురు వాహనాలకు అడ్డంగా మలుపు తిరగవలసిన చోట్లెన్ని అని కొత్తగా రాసుకోవడం మొదలుపెట్టాను.

ఆ జాబితాలో మిగిలినవి మూడు పేటలు. మొదటిది పడమటి అంచున కొత్తగా కట్టిన పెద్ద కాలనీ, ఆఫీసుకు 33 కిలోమీటర్లు. రెండవది రైలు పట్టాలకు ఆనుకుని ఉన్న పేట, 36 కిలోమీటర్లు. మూడవది నైరుతి వైపున్న పాత పేట, 39 కిలోమీటర్లు. ఒక్కోదాన్ని పనిదినాలలో మూడేసి సార్లు పరీక్షించాలని నిర్ణయించుకున్నాను. పొద్దున్నే తాత్కాలికపు ఇంటి నుంచి ఒక గంట ముందు బయలుదేరి ఆ పేటకు చేరుకుని, మేము చూసిన ఇంటి గేటు ముందు కారు ఆపి, 7:40కి అక్కడి నుంచి టైము లెక్క పెట్టుకుంటూ ఆఫీసుకు వెళ్లేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూపించినప్పుడు కనిపించిన రోడ్డుకూ, బళ్లు తెరిచిన రోజున పొద్దున కనిపించే రోడ్డుకూ పోలికే ఉండదు. అందుకే సెలవులు అయిపోయే దాకా ఆగి మరీ ఈ పని చేశాను.

కాలనీ విషయం మొదటి రోజే తేలిపోయింది. వందలాది ఇళ్లకు బయటకు పోయే గేటు ఒక్కటే. ఆ గేటు దాటగానే హైవే కనిపిస్తుంది గానీ మధ్యలో డివైడరు ఉండడం వల్ల పడమరకు పోవలసిన నేను తూర్పుకు తిరిగి, దాదాపు 2 కిలోమీటర్లు వెళ్లి, యూటర్న్ తీసుకోవాలి. మ్యాపులో గేటు ముందే ఉన్నట్టు కనిపించిన రోడ్డు ఎక్కడానికి నాకు 19 నిమిషాలు పట్టింది.

రైలు గేటు పేట మాత్రం నన్ను చాలా ఊరించింది. ఇల్లు మా ముగ్గురికీ నచ్చింది, గాలి వెలుతురు బాగున్నాయి. మొదటి రోజు 52 నిమిషాలలో ఆఫీసులో ఉన్నాను. రెండవ రోజు నేను పట్టాల దగ్గరకు వచ్చేసరికి గేటు పడింది. ఇంజను ఆపి, అద్దం దించి, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. ఒక రైలు పోయింది; గేటు లేవలేదు. ఎదుటి పట్టా మీద మరొకటి పోయింది. గేటు లేచేసరికి 13 నిమిషాలు గడిచాయి, కానీ అసలు చిక్కు అప్పుడే మొదలైంది. అటువైపు వాళ్లూ ఇటువైపు వాళ్లూ రోడ్డు వెడల్పంతా నిండిపోయి ముక్కుకు ముక్కు తగిలేలా నిలబడ్డారు. ఆ ముడి విడి బండి కదలడానికి మరో 11 నిమిషాలు పట్టింది. ఆ రోజు మొత్తం 79 నిమిషాలు. మూడవ రోజు 55.

పాత పేట నుంచి మూడు రోజుల లెక్క 60, 61, 65. రెండు పేటలకూ సగటు కడితే 62 నిమిషాలే వస్తుంది. సగటు మాత్రమే చూసి ఉంటే నచ్చిన ఇంటికే సంతకం పెట్టేవాళ్లం. అయితే ఆలస్యంగా చేరడానికి వీల్లేని ఉద్యోగం నాది. ఏ రోజు గేటు పడుతుందో ముందు తెలియదు కాబట్టి రోజూ 79 నిమిషాలకు సరిపడా ముందే బయలుదేరాలి. అంటే నా జీవితంలోంచి పోయేది 79 నిమిషాలు, 62 కాదు. పాత పేట నుంచి అయితే 70 నిమిషాలు చేతిలో పెట్టుకుంటే నిశ్చింతగా వెళ్లవచ్చు. మ్యాపు యాప్‌లో బయలుదేరే సమయం ముందుగా ఇచ్చి చూస్తే ఇంత నుంచి ఇంత దాకా పట్టవచ్చని రెండు అంకెలు చూపిస్తుంది. అందులో పెద్ద అంకెనే నమ్మాలని అప్పటి నుంచీ అందరికీ చెబుతున్నాను.

రైలు గేటు మీద వంతెన వస్తుందనీ, పక్కనుంచి కొత్త రోడ్డు కూడా వేస్తారనీ, అప్పుడు ఈ ఇబ్బందే ఉండదనీ ఇల్లు చూపించిన ఏజెంటు పదేపదే చెప్పాడు. ఆయన మాట అబద్ధమని నేను అనను. కానీ రద్దీ వేళల్లో నగరపు వేగ రహదారులు ఎంత వెడల్పు చేసినా ఆ వెడల్పు నిండేదాకా వాహనాలు పెరుగుతాయని అమెరికా ఆర్థికవేత్త ఆంథనీ డౌన్స్ 1962లోనే సూత్రీకరించారు. వేరే వేళల్లో, వేరే దారుల్లో పోయేవాళ్లంతా కొత్త రోడ్డు మీదికి వస్తారన్నది దాని వెనక కారణం. ఇంకా పునాది కూడా పడని వంతెనను నమ్ముకుని ఇల్లు తీసుకోకూడదని నేనూ మా వారూ ఒక్క మాట మీదికి వచ్చాము.

పాత పేటకు ఉన్న మరో మేలు నేను మొదట గమనించనే లేదు. అక్కడి నుంచి రింగ్ రోడ్డు ఎక్కే ర్యాంపు, నగరం నుంచి వచ్చే రెండు పెద్ద రోడ్లు కలిసే చోటును దాటిన తరువాత ఉంది. అటువంటి కలయికల దగ్గర ఒకరు బ్రేకు వేస్తే వెనకవారు ఇంకాస్త గట్టిగా వేస్తారు, అలా ఆ ఆగుడు అలలా వెనక్కి పాకుతుంది. జపాన్ పరిశోధకులు 230 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో 22 కార్లను ఒకే వేగంతో నడపమని చెప్పి, ఏ అడ్డంకీ లేకుండానే జామ్ ఏర్పడడాన్ని చూపి 2008లో ప్రచురించారు. ఖాళీగా ఉన్న వలయంలోనే అలా అయితే రెండు రోడ్లు కలిసే చోట ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆఫీసు దాటి ఇంకా పడమరగా ఉన్న చిన్న ఊరిలో ఉండమని తోటి ఉద్యోగిని ఒకరు మనస్ఫూర్తిగా సలహా ఇచ్చారు. నాకు దూరం సగం తగ్గేది, మా వారికి దాదాపు రెట్టింపయ్యేది. దానితో పాటు, ఆఫీసుకు పడమట ఉండేవారికి పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమరకు నడపడం వల్ల రెండు పూటలా ఎండ కళ్లల్లోనే కొడుతుంది. తూర్పున ఉండేవారికి రెండు పూటలా సూర్యుడు వీపు వెనకే ఉంటాడు. గంటసేపు నడిపే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

అద్దె గురించి ఇంట్లో వాదన జరిగింది. పాత పేటలో అద్దె ఎక్కువ, ఇల్లు చిన్నది. తక్కువ అద్దెతో మిగిలే సొమ్ము రోడ్డు మీద గడిపే అదనపు సమయానికి సరిపోతుందని మా వారి అభిప్రాయం. ఆర్థికవేత్తలు స్టుట్జర్, ఫ్రే జర్మనీలోని కుటుంబాల సమాచారాన్ని పరిశీలించి, ఎక్కువసేపు ప్రయాణించేవారికి జీవితం పట్ల తృప్తి తక్కువగా ఉందనీ, అద్దెలోనో జీతంలోనో దక్కే లాభం ఆ లోటును పూడ్చడం లేదనీ 2008లో రాశారు. అది చదివి వినిపించాను. ఆయన్ని ఒప్పించింది మాత్రం, ఒక పొద్దున పక్క సీటులో కూర్చుని రైలు గేటు దగ్గర నాతో పాటు ఎదురుచూడడమే.

పేట తేలాక కూడా ఇల్లు ఖాయం చేసే ముందు పార్కింగు చూడకపోతే పనంతా వృథా అయ్యేది. మొదట చూసిన భవనంలో సెల్లారులో ఒక కారు వెనక మరో కారు పెట్టాలి. వెనక కారు వారిని నిద్రలేపి తీయించనిదే ముందు కారు కదలదు. రోజూ పొద్దున ఎవరింటి గంటో మోగించలేనని చెప్పి దాన్ని వదులుకున్నాము. రెండు వీధుల అవతల, దారికి అడ్డం లేని పార్కింగు ఉన్న ఇల్లు దొరికింది. ఆ స్థలం మాకే అని ఒప్పందంలో రాయించుకున్నాము.

అక్కడ చేరి ఏడు నెలలైంది. ఇప్పటి వరకూ నోటుపుస్తకంలో నమోదైన అతి ఎక్కువ సమయం, పెద్ద వాన పడిన రోజున, 84 నిమిషాలు. ఆ రోజు ర్యాంపు కింద నీళ్లు నిలిస్తే పేటకు ఉన్న రెండవ దారిలో, చెరువు గట్టు వెంట వెళ్లి తరువాతి ర్యాంపు దగ్గర రింగ్ రోడ్డు ఎక్కాను. మిగిలిన రోజుల్లో చాలావరకు 60కీ 68కీ మధ్యే ఉంది. మా వారి ప్రయాణం మునుపటి కంటే పావుగంట పెరిగింది. అందుకే అమ్మాయిని బడిలో దింపే పనిని ఆయన నుంచి తీసుకుని, బడిని నా దారిలోనే, ర్యాంపుకు ఇవతల చూసుకున్నాము.