ఫ్లోరైడ్ పేపర్‌కు జర్నల్ వెతికిన కథ

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మీద పేపర్ రాస్తున్నప్పటి నుంచే మెయిళ్లు మొదలైనయి. 'మూడు రోజుల్లో ప్రచురణ, ఫీజు పద్దెనిమిది వందలు, సర్టిఫికెట్ ఫ్రీ' అని వాటిలో ఒకటి. తోటి స్కాలర్ అయితే, "అందరం అండ్లనే వేసినం అన్నా, నువ్వొక్కనివే ఎందుకు తిప్పలు పడతవ్" అన్నడు.

ఇదివరకైతే పత్రిక పేరు యూజీసీ-కేర్ జాబితాలో, అంటే యూనివర్సిటీలను చూసే యూజీసీ ఒప్పుకున్న పరిశోధన పత్రికల జాబితాలో, ఉందా లేదా చూసుకుంటే అయిపోయేది. 2025 ఫిబ్రవరిలో యూజీసీ దాన్ని ఎత్తేసి, కొన్ని ప్రమాణాలు చెప్పి, మంచిచెడ్డలు మమ్మల్నే చూసుకొమ్మంది. ఇగ ఆ మెయిల్ పంపిన పత్రిక సంగతేందో చూద్దామని కూర్చున్న.

ఐఎస్ఎస్ఎన్ అసలుదే. కానీ అది పత్రికకు ఇచ్చే నంబరు మాత్రమే, నాణ్యతకు హామీ కాదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రికలోని పేపర్లను వేరేవాళ్లు సగటున ఎన్నిసార్లు ఉదహరించిండ్రో చెప్పే లెక్క) 7.8 అని పెద్దక్షరాల్లో వేసిండ్రు. దాన్ని లెక్కగట్టేది క్లారివేట్ అనే కంపెనీ, వాళ్ల దగ్గర ఈ పేరే లేదు. పరిశోధన పత్రికల డేటాబేస్ స్కోపస్ లోగో కూడా అంటించిండ్రు. స్కోపస్ సోర్సుల పేజీ ఎవరైనా పైసా కట్టకుండ చూడొచ్చు, అక్కడా లేదు. ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒక ప్రొఫెసర్‌కు, ఆయన యూనివర్సిటీ పేజీలో ఉన్న అడ్రసుకే మెయిల్ పెట్టిన. ఆ పత్రిక సంగతే తెల్వదని, తన ఫొటో తీసేయమని కుదిరితే చెప్పమని జవాబు రాసిండు!

ఫీజు అడిగితే దొంగ పత్రికే అనుకునేటోళ్లు ఉన్నరు. నేనట్ల అనను. మంచి ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదువుకునే) పత్రికలు కూడా ఫీజు తీసుకుంటయి. పేపర్ చదవకముందే 'యాక్సెప్ట్' అంటేనే అనుమానపడాలె.

అసలు గుట్టు పాత సంచికలు చదివితే బయటపడ్డది. ఒకే సంచికలో జీఎస్టీ, కబడ్డీ ఆటగాళ్ల ఊపిరితిత్తులు, కందుల మార్కెటింగ్. నాకు తెలిసిన సబ్జెక్టే తీసుకుందామని ఒక ఫ్లోరైడ్ పేపర్ తెరిచిన. తాగునీటిలో ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి లీటరుకు 15 మిల్లీగ్రాములట! మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ చెప్పినా, డబ్ల్యూహెచ్ఓ చెప్పినా అది 1.5. అచ్చుతప్పేమో అనుకుంటే టేబుల్లో అదే, సారాంశంలో అదే, ముగింపులోనూ అదే. ఆ లెక్కన మా జిల్లాలో ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయినోళ్లలో చానామంది మంచి నీళ్లే తాగినట్టు. అచ్చుకు ముందు చదివి రివ్యూ చేసిన నిపుణుడు ఒక్కడున్నా ఇది దాటిపోయేదా?

తోటి స్కాలర్‌కు ఆ టేబుల్ చూపించిన. కాసేపు చూసి, "నా పేపర్ మాత్రం తెరవకన్నా" అన్నడు.

నా పేపర్ ఒక సైన్స్ సొసైటీ నడిపే పత్రికకు పంపిన. నెలలు పట్టింది. వానాకాలం ముందు నమూనాలే ఉన్నయి, తర్వాతవి ఏవని రివ్యూయర్ అడిగిండు. న్యాయమైన ప్రశ్నే. వానలు తగ్గంగనే మళ్లీ మర్రిగూడ పోవాలె. సీసాలు ప్లాస్టిక్‌వే తీసుకున్న, ఫ్లోరైడ్ నమూనాలకు గాజు కన్నా అవే నయం.