తేదీలు కనిపిస్తున్నాయి, స్వామి కనిపించడం లేదు

మా వంటింటి గోడకి వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ ఉంటుంది. పైన స్వామి, కింద తేదీలు. ఆ ఆదివారం పొద్దున్నే పాల లెక్క చూద్దామని వెళితే తేదీలు బాగానే ఉన్నాయి, స్వామి మీద మాత్రం బూడిద రంగు పొర. కళ్ళజోడు తుడిచాను. మార్పు లేదు. ఎడమ కన్ను మూస్తే స్వామి పూర్తిగా మాయం, కుడి కన్ను మూస్తే అంతా సవ్యం. నొప్పి లేదు, ఎరుపు లేదు. నన్ను ముంచింది అదే. నొప్పి ఉంటే అప్పుడే పరిగెత్తేవాణ్ణి.

పది రోజుల ముందు ఇదే కంటికి ఎవరో తెర దించినట్టు చీకటి కమ్మి, ఐదు నిమిషాల్లో తేరుకుంది. బీపీ అనుకుని మజ్జిగ తాగి పడుకున్నాను.

ఆదివారం కదా అని మెడికల్ షాపులో చుక్కలు తెచ్చుకుని వేసుకున్నాను. సోమవారం కళ్ళద్దాల షాపుకి వెళితే అక్కడి కుర్రాడు, "ఇది అద్దాల పని కాదు సార్, రెటీనా డాక్టర్ దగ్గరికెళ్ళండి" అన్నాడు. అందరికంటే ముందు నాకు మేలు చేసింది అతనే.

గుంటూరులో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని గంటలైంది?" నిన్న పొద్దున అన్నాను. ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టేసింది. తర్వాత చీటీ వెనక బొమ్మ గీసింది. కంటి వెనక బొమ్మ పడే పొరే రెటీనా. దానికి రక్తం తెచ్చే ధమని కొమ్మలుగా చీలుతుంది. నాకు కింది కొమ్మలో కొవ్వు పలుకు ఇరుక్కుంది. రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి కింద మూసుకుంటే పై సగం పోతుంది.

మరి వైద్యం? కనుగుడ్డుని నొక్కి వదలడం, కంటి ముందు భాగంలోంచి సూదితో కాస్త నీరు తీయడం, కంట్లో ప్రెషర్ తగ్గించే మాత్రలు, ఆక్సిజన్ చాంబర్. ఇన్ని ఉన్నాయి గానీ దేనికీ గట్టి రుజువు లేదని మొహమాటం లేకుండా చెప్పింది. మొదటి నాలుగున్నర గంటల్లో వస్తే కొన్నిచోట్ల గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఆలోచిస్తారట, అదీ ఖాయం కాదు. నాకు ఒక రోజు దాటిపోయింది. మా పక్కింటాయన కంట్లో వేయించుకునే ఇంజెక్షన్ల గురించి అడిగాను. అవి సిర మూసుకుని రెటీనా వాచినప్పుడు వేసేవట. నాది ధమని.

"కన్ను సంగతి తర్వాత చూద్దాం. ఇది స్ట్రోకే అనుకోండి, మెదడుకి బదులు కంటికొచ్చింది. ఇంటికెళ్ళకండి" అంది.

అదే రోజు ఎమ్మారై, ఈసీజీ, గుండెకి ఎకో, మెడ రక్తనాళాలకి డాప్లర్ స్కాన్. యాభై దాటినవాళ్ళకి రక్తనాళాల వాపు కూడా కారణం కావచ్చని ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చేశారు. అవి మామూలుగానే ఉన్నాయి. అసలు దొంగ మెడలో దొరికాడు. మెదడుకీ కంటికీ రక్తం తీసుకెళ్ళే కుడివైపు కెరోటిడ్ ధమని 80 శాతం మూసుకుపోయింది. ముప్ఫై ఏళ్ళు సిగరెట్ కాల్చినవాణ్ణి, ఎవర్ననాలి? ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టి, తొమ్మిదో రోజున మెడ కోసి ఆ పూడిక తీశారు. రెండు వారాల్లోపు చేస్తేనే ఎక్కువ ఫలితమట, ఈసారి మాత్రం ఆలస్యం చేయలేదు.

గడ్డం గీసుకుంటుంటే చెవి కింద ఇప్పటికీ మొద్దుగానే ఉంటుంది. సిగరెట్ మానేశాను. టీ తాగిన ప్రతిసారీ చెయ్యి జేబులోకి మాత్రం పోతుంది.

చూపు పూర్తిగా రాలేదు. స్వామి నామం మసకగా తెలుస్తుంది, కిరీటం లేదు. రోజూ పొద్దున ఎడమ కన్ను మూసి క్యాలెండర్ వంక చూడడం అలవాటైపోయింది. మొన్న మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి, "ఏమండీ, రోజూ దేవుడికి కన్ను కొడతారేంటి?" అంది.